పెద్దతల్లి పెరట్లో గలిజేరు

కంచిలి నుంచి సముద్రం వైపు వెళ్ళే ఊళ్ళలో ఎవరి జీడితోటైనా అద్దంలా మెరుస్తుంటే, అది పెద్దతల్లి జట్టు చేసిన పని అని అడక్కుండానే చెప్పేయొచ్చు. జీడిగింజ రాలే వేళకి చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలి. లేకపోతే రాలిన గింజ గడ్డిలో పడి ఎలకలకే దక్కుతుంది. ఆ శుభ్రం చేయడంలో పెద్దతల్లిని మించిన మనిషి లేదని తోటలవాళ్ళంతా ఒప్పుకుంటారు. కొంచెం భయపడుతూ ఒప్పుకుంటారు, ఎందుకంటే కలుపు తవ్వే బొరిగకీ పెద్దతల్లి నోటికీ పదునులో పెద్ద తేడా ఉండదు.

పెళ్ళయి ఈ ఊరు వచ్చిన వారానికే అత్తగారు ఆ బొరిగని చేతిలో పెట్టింది. ఆ తర్వాత చచ్చేదాకా ఇంకేమీ పెట్టలేదు. మంచిమాట కూడా పెట్టలేదు. పెద్దతల్లి ఆ బొరిగతోనే కూలికి వెళ్ళి, జట్టులో కలిసి, చివరికి జట్టుకే మేస్త్రి అయింది. ఆవిడకి ఉన్న సిద్ధాంతం ఒక్కటే. కలుపు వేరుతో రావాలి. జట్టులో ఎవరైనా బద్ధకించి పైపైన తెంపారంటే అయిపోయారే.

"ఏటే, కలుపు తీత్తన్నావా, దానికి జుత్తు కత్తిరిత్తన్నావా?" అని పదిమందిలో కడిగేస్తుంది. ఆ కడుగుడుకి భయపడి వేరుతో సహా లాగడం నేర్చుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు.

అంతటి మేస్త్రి ఇంటి పెరడు మాత్రం అడవి.

పది సెంట్ల జాగా అది. ఒకప్పుడు కొబ్బరిచెట్లు, ఒక పనస, వాటి పక్కన అత్తగారి కూరపాదులు ఉండేవి. తిత్లీ తుఫాను వచ్చి చెట్లన్నిటినీ పడుకోబెట్టేసింది. కొబ్బరి పోయిన ఊళ్ళో ఏం చేస్తామని పెద్దతల్లి మొగుడు వరహాలు గుజరాత్ ఓడరేవుకి కూలిపనికి వెళ్ళిపోయాడు. నీడ పోయిన నేల మీద కలుపు పండగ చేసుకుంది. పొద్దస్తమానం ఊరివాళ్ళ కలుపు తీసి ఇంటికొచ్చిన మనిషికి సొంత పెరటి వైపు చూడబుద్ధయ్యేది కాదు. పెద్దతల్లి వెనకతలుపుకి గడియ పెట్టేసింది. కనబడకపోతే లేనట్టే అనుకోవడం గొప్పవాళ్ళ సొత్తేం కాదు, అందరం వాడుకుంటాం. జట్టులో పనిచేసే పక్కింటి అశ్విని మాత్రం ఊరుకునేది కాదు.

"అప్పా, మీ పెరట్లో ఎలుగుబంటి ఈనిందట కదా, పిల్లలెన్ని?" అనేది. దొరికిన సందు వదిలిపెట్టకుండా అనేది.

ఇలా కొన్నేళ్ళు గడిచాక వరహాలు గుజరాత్ నుంచి వచ్చేశాడు. కాళ్ళు వాచి వచ్చాడు. ఈ ఉద్దానంలో కాళ్ళు వాచిన మనిషిని ఏమైందని ఎవరూ అడగరు, ఎప్పటినుంచి అని అడుగుతారు. పరీక్షలు చేసి కిడ్నీలన్నారు, మందులిచ్చారు, కొంతకాలానికి రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి వెళ్ళి మిషను మీద పడుకుని రక్తం కడిగించుకోవాలన్నారు. ఊళ్ళో అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందరినీ దుర్గాప్రసాద్ తన ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళి, పని అయ్యేదాకా అక్కడే ఉండి తీసుకొస్తాడు. మంచివాడు. ఒక్క రోగం తప్ప ఏ లోపమూ లేదు అతనిలో. ఫోనులో ఏ వీడియో వచ్చినా పదిమందికీ పంపకుండా ఉండలేడు.

వరహాలు తిండి మనిషి. ఎండుచేపల పులుసు, మునగాకు వేపుడు, పండిన పనసతొన, కొబ్బరిబొండాం, ఇవి లేకుండా బతకడం అతనికి రాదు. పలాసలో మిషను దగ్గర చూసుకునే నర్సు హన్నా సిస్టర్ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. ఉప్పు తగ్గించు. ఎండుచేప ముట్టకు. ఆకుకూర ఏదీ వద్దు. పనస వద్దు. కొబ్బరినీళ్ళు చుక్క కూడా వద్దు.

"కొబ్బరినీళ్ళు తాగొద్దంటే మరి నాను ఉద్దానంలో ఎందుకు పుట్టినట్టు సిస్టరమ్మా?" అన్నాడు వరహాలు, కళ్ళనీళ్ళు తిరిగి.

"పుట్టడం నా చేతిలో లేదు మావయ్యా. బతకడం కొంచెం నా చేతిలో ఉంది. తాగకు," అంది హన్నా. టెక్కలి మనిషి, ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఆసుపత్రికి. రెండుచోట్లా ఒకే గొంతుతో మాట్లాడుతుంది.

పెద్దతల్లి అడిగింది, "మరి ఈ మనిసికి ఏటి పెట్టమంటావు తల్లీ?"

"బీరకాయ, సొరకాయ, పొట్లకాయ. ముక్కలు కోసి నీళ్ళల్లో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండు. లేతవి, తాజావి అయితే మంచిది."

లేతవి, తాజావి సంతలో ఎక్కడ దొరుకుతాయి? సంతకి వచ్చేవి మందు కొట్టి, బుట్టల్లో మగ్గి, వరహాలు కంటే నీరసంగా వస్తాయి. వరహాలు వాటిని చూసి ముఖం తిప్పేసుకునేవాడు. రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. మనిషి రోజురోజుకీ చొక్కాలో తగ్గిపోతున్నాడు. పెద్దతల్లికి భయం వేసింది. ఎవరి ముందూ భయపడని మనిషికి మొదటిసారి భయం వేస్తే ఎలా ఉంటుందో ఆవిడకి అప్పుడే తెలిసింది. ఒకరోజు పొద్దున్నే, కూరలు తనే పండిద్దామని, బొరిగ పట్టుకుని వెనకతలుపు గడియ తీసింది.

తలుపు తెరుచుకోలేదు. అవతలినుంచి కలుపు ఆనుకుని ఉంది. భుజంతో తోసి, తిట్టి, మళ్ళీ తోసి బయటపడింది. చూస్తే నడుమెత్తున వయ్యారిభామ, దానికింద తుంగ, తుంగ లేనిచోట గరిక. సగం పెరడైతే గలిజేరు. ఎర్రటి కాడలు, గుండ్రటి ఆకులు, చాప పరిచినట్టు నేలంతా పాకి కూర్చుంది. పెద్దతల్లి చీర పైకి దోపుకుని కూర్చుంది. వెనక గుమ్మంలో వరహాలు పీట వేసుకున్నాడు, పెళ్ళాం పని చూడటమూ ఒక పనేనని.

వయ్యారిభామని ఒక వరస పీకింది. గలిజేరు మొదటి మొక్క మీద చెయ్యి పడిందో లేదో వరహాలు కేక వేశాడు.

"ఒలే ఆగు! దాన్ని ముట్టుకోకు!"

పాము అనుకుని పెద్దతల్లి ఎగిరి గట్టు మీద పడింది. పాము కాదు. వరహాలు ఫోను పట్టుకుని ఊగిపోతున్నాడు. అందులో గడ్డం పెంచిన ఒకాయన ఇదే మొక్కని చేత్తో పట్టుకుని, కిడ్నీ జబ్బుకి ఇది అమృతమనీ, పెద్ద ఆసుపత్రులవాళ్ళు ఈ సంగతి మనకి తెలియనివ్వకుండా దాచేస్తున్నారనీ గట్టిగా అరుస్తున్నాడు. పంపింది దుర్గాప్రసాద్. వేరే ఎవరు పంపుతారు?

"పెళ్ళయిన కాణ్ణుంచి దీన్ని పీకి గట్టు మీద పారేత్తన్నాను మావా. ఇది అమృతమైతే కంచిలి గట్లన్నీ ఈపాటికి సొర్గాలైపోవాల," అంది పెద్దతల్లి.

"అదే మరి. సేతిలో ఉన్న మందుని పారేసి రోగం తెచ్చుకున్నాం," అన్నాడు వరహాలు. వాదనలో అతన్ని గెలవడం కష్టం, ఎందుకంటే అతను అవతలివాళ్ళ మాట వినడు.

మర్నాడు పలాసలో పెద్దతల్లి హన్నాని పక్కకి పిలిచి అడిగింది. హన్నా చేతిలో పని ఆపేసింది. "ఏ ఆకు రసమూ లోపలికి పోకూడదు. ఇలాంటి ఒంట్లో అది గుండె మీదకి వస్తుంది అమ్మా. పోతాడు," అని సూటిగా చెప్పింది. పెద్దతల్లి ఇంటికొచ్చి నేరుగా పెరట్లోకి వెళ్ళింది, మొత్తం తీసి పారేద్దామని.

అప్పటికే ఆలస్యమైపోయింది. పెరట్లో జనం ఉన్నారు.

మేస్త్రి పెరట్లో గలిజేరు ఉందని వరహాలు దుర్గాప్రసాద్‌కి చెప్పాడు, దుర్గాప్రసాద్ ఫోనులోనే ఊరికి చెప్పాడు. ఊరు సంచులు పట్టుకుని వచ్చింది. గట్ల మీది గలిజేరు అంతా పెద్దతల్లి జట్టే ఏనాడో వేరుతో పీకేసింది కాబట్టి, ఇక ఉన్నది ఈ పెరట్లోనే. వచ్చినవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది నిజమే. కానీ ఈ ఊళ్ళో నవ్వే ముందు పక్కింటి అరుగు వైపు ఒకసారి చూసుకోవాలి. ఒకరికి తండ్రి జబ్బుమనిషి, ఒకరికి మొగుడు, అశ్వినికి మావగారు. ఆశ పడటం వాళ్ళ తప్పంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆశ పెట్టిన గడ్డపాయనని అనాలి, ఆయనేమో ఫోనులో ఉన్నాడు, చేతికి చిక్కడు.

వాళ్ళు చేసిన పని మాత్రం పెద్దతల్లి కళ్ళతో చూడలేకపోయింది. చిగుళ్ళు గిల్లుకుపోతున్నారు! వేరు ముట్టుకోకుండా, పైపైన. గిల్లిన చోటల్లా రెండు కొమ్మలు వేసుకుని గలిజేరు ఇంకా పాకింది. చూస్తుండగా తుంగని మింగేసి గుమ్మం దాకా వచ్చేసింది. ఇంతకాలం ఎవరూ తొంగిచూడని పెరడు, కంచిలి నుంచి కూడా మనుషులొచ్చి దణ్ణం పెట్టుకునే చోటైపోయింది. ఒకామె ఏకంగా పసుపు, కుంకుమ చల్లి వెళ్ళింది. కలుపు నెత్తిన కుంకుమ చూసి పెద్దతల్లికి తల తిరిగిపోయింది.

బొరిగ పట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేవారు. "ఏటప్పా ఇది? మొగుడి పేణం కంటే నీకు కూరపాదులు ఎక్కువైపోనాయా?" అని అశ్వినే అంది. ఎగతాళే తప్ప ఏనాడూ ఎదురు చెప్పని అశ్విని! వరహాలు సరే సరి, గలిజేరుకి కాపలా పీట వేసుకుని కూర్చున్నాడు. హన్నా అన్నమాట చెబితే "పెద్దాసుపత్రోళ్ళు దాసెత్తారని వీడియోలో సెప్పినాడు కదే" అన్నాడు. అదృష్టం కొద్దీ ఇంకా తాగలేదు. మంచిరోజు చూసుకుని, పరగడుపున, మొదలుపెట్టాలట. మంచిరోజు దగ్గరికొస్తోంది.

నిజం చెప్పి లాభం లేదని పెద్దతల్లికి అర్థమైంది. ఆ సాయంత్రం మంచినీళ్ళ ప్లాంటు దగ్గర ఆడవాళ్ళంతా డబ్బాలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆవిడ తన డబ్బా కింద పెట్టి, ఎవరితోనూ అననట్టు గాల్లోకి అంది.

"సిగుళ్ళు గిల్లుకెల్తన్నారు పాపం. సిగురులో ఏటుంది?"

వరస కదలడం ఆగిపోయింది.

"మాయత్త సెప్పేది. దాని సత్తువంతా ఏరులో ఉంటాదట. ఏరు తెగకుండా రావాల. తెగిందా, ఉత్త గడ్డే. అదొకటేనా? పక్కన తుంగ ఉంటే దాని సత్తువని లాగేత్తాది, ముందు తుంగ గెడ్డతో సహా తీసేయాల. ఒయ్యారిబామ నీడ దాని మీద పడకూడదు. ఏరుకి అంటిన మట్టి ఆడే దులిపీసి, గెడ్డలు సిదిపి సదును సేసి రావాల. నేలకి పొగరుంటే మందు పని సెయ్యదు."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటప్పా?" అంది అశ్విని.

"అడిగినారేటి?" అంది పెద్దతల్లి. డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

చచ్చిపోయిన అత్తగారి నోట్లో ఇంత పెద్ద అబద్ధం పెట్టినందుకు దారిలో కాస్త గుచ్చుకుంది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ నన్నేమైనా ఊరికే ఒదిలిందా అని సర్దుకుంది.

మర్నాడు తెల్లవారేసరికి ఊరు పారలు, గునపాలు, బొరిగలు పట్టుకుని పెరట్లో దిగింది. అలాంటి కలుపుతీత ఆ మండలంలో మళ్ళీ జరగదు. మొదట వయ్యారిభామ పోయింది, ఆ తర్వాత తుంగ. తుంగ గడ్డ మట్టిలో ఎంత లోతుకి దాక్కుంటే అంత లోతుకి వెళ్ళి తీశారు. ఆఖరికి గలిజేరు. ప్రతి మొక్కనీ చుట్టూ తవ్వి, పసిబిడ్డని ఎత్తినట్టు వేరుతో ఎత్తారు. పెద్దతల్లి నడుం మీద చెయ్యి వేసుకుని వెనకాలే తిరిగింది.

"అక్కడ తెగిపోనాది, మళ్ళీ తవ్వు. ఆ గెడ్డ సిదుపు. నీడలో ఒకటి ఒదిలీసినావు, నాకు కనబడతన్నాది, తియ్యి."

కూలి అడిగినవాళ్ళు లేరు. పైగా పీకిన మొక్కలు సంచుల్లో వేసుకుని, వెళ్తూ వెళ్తూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. చద్దన్నాల వేళకి పెరట్లో మట్టి కనబడింది. ఎర్రటి ఇసకమట్టి, గుల్లగా, తడి వాసనతో. పెద్దతల్లి గుమ్మంలో కూర్చుని చాలాసేపు చూసింది. పెరట్లో లేని మొక్కని మొగుడు తాగలేడు అనుకుంది, సంచుల్లో పోయినదాని సంగతి తట్టలేదు. నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ వారమంతా ఆవిడ కాలు నేల మీద లేదు. పశువుల గెత్తం తెచ్చి ఎరువు వేసింది. పొయ్యిలో బూడిద చల్లింది. పాదులు తవ్వి బీర, సొర, పొట్ల విత్తనాలు పెట్టింది. చుట్టూ కొబ్బరిమట్టలతో దడి కట్టింది. మొగుడు లేత బీరకాయ కూరతో నాలుగు ముద్దలు తినడం కళ్ళముందు కనబడుతుంటే పాటందుకుంది కూడా. పాట బాగుండదు ఆవిడది.

ఆ మధ్యలో ఒక పొద్దున్న దుర్గాప్రసాద్ ఆటో వచ్చి హారన్ కొట్టింది. పలాస వెళ్ళే రోజు. వరహాలు లేవలేదు.

"ఏటి మావా, ఆటో వచ్చింది."

"ఇంకెందుకే?" అన్నాడు వరహాలు. మంచం కింద నుంచి గోనెపట్టాలో చుట్టిన కట్ట తీశాడు. గలిజేరు. వేరు తెగకుండా, తుంగ లేకుండా, మట్టి దులిపి, నియమం ప్రకారం పీకినది. జనంలో కలిసి తనూ పీకాడన్నమాట, పెళ్ళానికి తెలియకుండా. "రేపు ఏకాదసి. పరగడుపున మొదలెడతాను. మందు దొరికినాక ఆ మిసను మీద నాలుగ్గంటలు శవంలాగ ఎవుడు పడుకుంటాడు?"

పెద్దతల్లి పరుగున ఆటో దగ్గరికి వెళ్ళింది. ఆటో ఖాళీగా ఉంది. అశ్విని మావగారు లేడు, చివరి వీధి ముసలాయన లేడు, ఎవరూ లేరు.

"అందరూ మందు మొదలెడతన్నారట వదినా. నియమం తెలిసినాక ఇంక బయమేటి?" అన్నాడు దుర్గాప్రసాద్ సంతోషంగా.

మొగుడి దగ్గరికి తిరిగి వచ్చి కాళ్ళ దగ్గర కూలబడింది. "అది అబద్దం మావా. మీయమ్మ నాకేటీ సెప్పలేదు. పెరడు బాగుపడాలని నానే అల్లినాను. తాగితే సచ్చిపోతావు."

వరహాలు ప్రేమగా నవ్వాడు. "ఊరంతా ఎగబడతన్నారని అబద్దమాడతన్నావు. నా కోసం దాసాలని సూత్తన్నావు. నాకు తెలీదేటే?"

ఇల్లిల్లూ తిరిగింది. అబద్ధమాడాను, నన్ను తిట్టండి, మనుషుల్ని మాత్రం ఆసుపత్రికి పంపండి అని బతిమాలింది. ఎవరూ తిట్టలేదు, అదే ఘోరం. "మందు ఐపోతాదని బయపడకప్పా, నీ మొగుడికి ఉంచుతాంలే," అంది అశ్విని. ఇన్నేళ్ళు ఉన్నదున్నట్టు మాట్లాడి శత్రువుల్ని సంపాదించుకున్న మనిషి, ఒక్క అబద్ధంతో ఊరికి గురువైపోయింది. ఇప్పుడు నిజం చెబితే స్వార్థపరురాలైంది. అశ్విని ఇంటి అరుగు మీద మావగారు ఆయాసపడుతూ కూర్చున్నాడు. ఆయన ఎదురుగా రోలు కడిగి బోర్లించి ఉంది, రేపటికి.

పెద్దతల్లి నూతి దగ్గరికి వెళ్ళి గట్టు మీద కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తన చేతులతో ఎవరికీ హాని చేయలేదు. నోటితో చేసింది. ఆ నోటితోనే ఏదో ఒకటి చేయాలి. నిజాన్ని ఎలాగూ ఎవరూ నమ్మరు. నమ్మేది ఆవిడ దగ్గర ఇంకొకటుంది. నూతిలో నీళ్ళు తోడుకుని తల మీద కుమ్మరించుకుంది.

తడిబట్టలతో, జుట్టు విరబోసుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని వీధి మధ్యలో నుంచి నడిచి వచ్చింది. ఇంటి ముందు నిలబడి, "మాట తప్పినాను! తల్లీ, మాట తప్పినాను!" అని పెద్దగా కేకపెట్టింది. వీధి వీధంతా బయటికొచ్చింది. దుర్గాప్రసాద్ ఆటో దిగి చెప్పులు విప్పేశాడు.

"మాయత్త సగమే సెప్పమంది. మిగతా సగం దాసీమంది. నియమం తప్పి తాగడానికి మీరంతా కూకున్నారు, నాకు ఆ పాపం ఒద్దు, ఇనండి," అంది పెద్దతల్లి, ఊగుతూ. "ఇది కడుపులోకి పోకూడదు. పోయిందా, ఇసమే. ఏరుతో నూరి అరికాళ్ళకి రాయాల. ఎప్పుడు పడితే అప్పుడు రాత్తే ఎక్కదు. రకతం మురిగ్గా ఉంటే ఇది లోనకి ఎక్కదు. మిసను మీద కడిగించుకుని ఒచ్చిన పూటే రాయాల. ఒక్క మిసను తప్పినా అంతవరకూ రాసిన మందంతా ఇరిగిపోతాది. మళ్ళీ మొదటికే."

వరహాలు గుమ్మంలోంచి అనుమానంగా అడిగాడు, "మాయమ్మ నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"మగోళ్ళకి సెప్పకూడదట."

అది అతనికి సమంజసంగా తోచింది. వాళ్ళమ్మ అతనికి ఏనాడూ ఏదీ చెప్పేది కాదు. కట్ట గోనెలో చుట్టి, చొక్కా వేసుకుని, "బేగి రారా దుర్గా, మిసను టయిమైపోతాది!" అని ఆటో ఎక్కేశాడు. అతని వెనకాల అశ్విని మావగారు, చివరి వీధి ముసలాయన, ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. ఎప్పుడూ ఆటో మనుషుల కోసం ఎదురుచూసేది, ఆరోజు మనుషులు దుర్గాప్రసాద్‌ని తిట్టి బయలుదేరదీశారు. ఆటో మలుపు తిరిగేదాకా పెద్దతల్లి ఊగుతూనే ఉంది. మలుపు తిరిగాక అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

కొన్నాళ్ళకి హన్నా సిస్టర్ పెద్దతల్లిని పట్టుకుంది. "ఏంటమ్మా, మీ ఊరోళ్ళందరి అరికాళ్ళూ పచ్చగా ఉన్నాయి?"

పెద్దతల్లి తలవంచుకుని ఉన్నదంతా చెప్పేసింది. అబద్ధం పాపమని హన్నాకి చిన్నప్పటినుంచి తెలుసు. ఈ ఊరివాళ్ళలా వేళకి వచ్చేవాళ్ళు, ఒక్కరోజూ మానని వాళ్ళు ఈ వార్డులోనే లేరన్న సంగతి కూడా ఇప్పుడు తెలుసు.

"పాదాలకేనా? లోపలికి పోవట్లేదు కదా?"

"సుక్క పోవట్లేదు తల్లీ."

"పుండ్లుంటే రాయకు. నీ తరఫున ప్రార్థనలో నేను ఒప్పుకుంటాలే," అని హన్నా మిషను వైపు వెళ్ళిపోయింది. కొంచెం ఆగి వెనక్కి తిరిగి, "సొరకాయలు కాస్తే నాకొకటి తీసుకురా," అంది.

సొర కాసింది, బీర కాసింది, పొట్లకాయలు దడి మీంచి వేలాడాయి. వరహాలు తింటున్నాడు. ముక్కలు నానబెట్టి, నీళ్ళు పారబోసి వండిన బీరకాయ కూర రోజూ తింటున్నాడు. చప్పగా ఉందని అనడం లేదు. ఈ మట్టిలో గలిజేరు గుణం ఉంది కాబట్టి కాయకి ఆ రుచి వచ్చిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. గెత్తం మోసింది, నీళ్ళు పోసింది పెద్దతల్లి, పేరు కలుపుకి వెళ్ళింది.

అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. పీకిన గలిజేరు ఎన్నాళ్ళొస్తుంది? మందు అయిపోతే మనుషులు ఆటో ఎక్కరు. ఊరూరా తిరిగి వెతికి, ఎక్కడో రైలుకట్ట పక్కన దొరికిన మొక్కలు తెచ్చి, బీరపాదుల పక్కనే ఒక మడి కట్టి నాటింది. దానికీ గెత్తం వేసింది. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తుంది. అందులో గడ్డిపోచ మొలిస్తే పీకేస్తుంది. కలుపుకి కలుపు తీస్తున్న మేస్త్రిని చూసి లోకంలో ఎవరైనా నవ్వాలి, కానీ ఆ ఊళ్ళో ఎవరూ నవ్వరు. జట్టు ఆడవాళ్ళు ఆ మడి దాటేటప్పుడు చెప్పులు విప్పుతారు. అశ్వినికి ఎలుగుబంటి మాటే గుర్తులేదు.

నిన్న సాయంత్రం వరహాలు పలాస నుంచి వచ్చాడు. అరుగు మీద చాప వేసి పడుకున్నాడు. పెద్దతల్లి గలిజేరు వేరుతో సహా నూరి తెచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ కాళ్ళని తిట్టినంతగా పట్టుకున్నది లేదు. ఇప్పుడు రోజు విడిచి రోజు ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి మడమదాకా నెమ్మదిగా రాస్తుంది. అది ఒట్టి ఆకుపసరని తెలిసిన మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే. అయినా చెయ్యి బరువుగా పడదు.

"వాపు తగ్గింది సూడు," అన్నాడు వరహాలు. "మందు పని సేత్తన్నాది."

"ఊఁ."

"ఇలా ఎన్నాళ్ళు రాయాలని సెప్పింది మాయమ్మ? ఆఖరికి ఎప్పుడు తగ్గిపోతాదట?"

పెద్దతల్లి చెయ్యి ఆగింది. అన్నిటికీ నియమాలు అల్లింది కానీ దీనికి ఏమీ అల్లుకోలేదు. తగ్గదని హన్నా ఎప్పుడో చెప్పింది. ఉన్నన్నాళ్ళూ మిషనే. వరహాలు తల కొంచెం ఎత్తి జవాబు కోసం చూస్తున్నాడు, మంచిరోజు ఎప్పుడో చెప్పమన్నట్టు.

"నా సేతుల్లో సత్తువున్నన్నాళ్ళూ రాయమంది మావా."

వరహాలు ఆ చేతుల వంక చూశాడు. బొరిగ పట్టి కాయలు కాసిన చేతులు, తోటలన్నిటినీ దున్నేసిన చేతులు.

"ఓస్, అయితే సేనా కాలమే," అని రెండో కాలు చాపాడు.